రాక్ సార్వభౌముడికి సన్మానం

రామతులసి మోకాలికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ భీమవరంలో రొయ్య రేటు తరవాత అంత చర్చ జరిగింది ఆ మోకాలి మీదే. “ఎలా ఉందండీ?” అని అడిగి ఊరుకుంటే మర్యాద. “ఇంకా ఎందుకండీ మీకీ తిప్పలు, హాయిగా కూచోక?” అని ప్రతివాడూ ఒక సలహా పారేసి పోయేవాడు. సలహాకి ఖర్చేముంది, చెప్పేవాడికి మోకాలు నొప్పా ఏమన్నానా!

ఉండి ఊరికెళ్ళే రోడ్డులో ఆవిడకి ఐస్ ఫ్యాక్టరీ ఉంది. చెరువుల్లో రొయ్యల పట్టుబడి మొదలైందంటే సరుకు చెడకుండా ఐసు కావాలి కాబట్టి, చుట్టుపక్కల వ్యాన్లన్నీ తెల్లారేసరికి ఆ గేటు ముందు బారులు తీరతాయి. భర్త పోయాక, కర్మకాండ ముగిసిన మర్నాడే రామతులసి వెళ్ళి ఆయన సీట్లో కూర్చుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని చుట్టాలు దెప్పారు. ఆడమనిషి ఐస్ ఫ్యాక్టరీ నడుపుతుందిట అని నవ్వినవాళ్ళే తరవాత ఒక్క లోడు ముందిప్పించమని ఆవిడ కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు.

అలాంటి మనిషి మంచాన ఉన్నప్పుడు ఒక పొరపాటు చేసింది. తల ఊపింది.

ఆవిడ లేవలేని రోజుల్లో ఫ్యాక్టరీని కొడుకు ఉదయభాస్కర్ చూసుకున్నాడు. బాగానే చూసుకున్నాడు, అందులో వంక పెట్టడానికి లేదు. ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని, “ఇంక నేను చూసుకుంటానమ్మా, నువ్వు రెస్ట్ తీసుకో,” అన్నాడు. నొప్పి మాత్రల మగతలో రామతులసి తల ఊపింది. గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళు తలూపారంటే అది రిజిస్ట్రారాఫీసులో సంతకంతో సమానం. వారం తిరక్కుండా ముహూర్తం పెట్టేశారు. సోమవారం పొద్దున్న ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా, పూజ, వచ్చినవాళ్ళకి టిఫిన్లు, ఆ తరవాత అమ్మగారికి ఘన సన్మానం. సన్మానం అవగానే ఆవిడ సీట్లో కొడుకు కూర్చుంటాడు. కార్డులు కూడా పంచేశారు.

ఆ కార్డు చూసినప్పుడల్లా రామతులసికి ఒళ్ళు మండిపోయేది. ఎవరి మీద మండాలో మాత్రం తెలిసేది కాదు. కొడుకు మంచివాడు. కోడలు సత్యశ్రీ అంతకన్నా మంచిది. తల ఊపింది తను. ఇప్పుడు అడ్డం తిరిగితే పదిమందిలో కొడుకు చిన్నబోతాడు. తిరక్కపోతే మంగళవారం పొద్దున్న తను నిద్రలేచి ఎక్కడికి వెళ్ళాలి? టీవీ ముందు కూర్చుని కందిపప్పు ఏరుకునే రామతులసిని ఎంత ప్రయత్నించినా ఆవిడ ఊహించుకోలేకపోయింది.

సరిగ్గా ఆ సోమవారానికి ముందురోజు, ఆదివారం సాయంత్రం, రాజమండ్రిలో విజయ్ పాల్ కచేరీ పడింది.

విజయ్ పాల్ ఎవరో ఇప్పటి పిల్లలకి ఈమధ్యనే తెలిసింది గానీ, ఆవిడ వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు. కాకినాడ మనిషి. చర్చిలో గిటారు పట్టడం నేర్చుకుని, ముగ్గురు స్నేహితుల్ని పోగేసుకుని బ్యాండు పెట్టాడు. దాని పేరు ‘పదో నెంబర్’. తుఫాను వచ్చేముందు రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరికల్లో పదో నెంబరుది పెద్ద పేరు. అది ఎగిరిందంటే రేవువాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని పరుగు తీయాల్సిందే. పెట్టుకున్న పేరుకి తగ్గట్టే పాడేవాడు. పడవ వదిలేసి రమ్మని గట్టు మీది జనం కేకలేస్తుంటే రానని మొండికేసే సరంగు పాట ఒకటుంది.

“గట్టు తెగితే తెగనీ, గాలి విరిస్తే విరవనీ,
దిగను పో! పడవ దిగను పో!”

ఆ ‘పో’ దగ్గర ఆయన గొంతు పైకెక్కి అక్కడే నిలబడిపోయేది. పెళ్ళికి ముందు రామతులసి ఆ క్యాసెట్టుని అరిగేదాకా వింది. కాకినాడలో వాళ్ళ కచేరీకి వెళ్తానంటే నాన్న “ఆడపిల్లకి ఆ గంతులేంటి?” అని గదికి గొళ్ళెం పెట్టాడు. ఆ తరవాత బ్యాండు చెదిరిపోయింది. విజయ్ పాల్ మద్రాసులో పిల్లలకి గిటారు నేర్పుకుంటున్నాడని కొందరన్నారు, తాగి పోయాడని కొందరన్నారు. భర్త సీట్లో మొదటిసారి కూర్చున్న రోజున రామతులసి టేపురికార్డరు తెప్పించి, ఫ్యాక్టరీలో అందరికీ వినపడేలా వేసింది ఆ పాటే. ఇప్పుడు డెబ్బై దాటిన వయసులో ఆ మనిషి మళ్ళీ స్టేజీ ఎక్కుతున్నాడు. కాకినాడ ఇంజనీరింగ్ పిల్లలు కొందరు ఆయన పాటలు మళ్ళీ కట్టి ఫోన్లలోకి ఎక్కిస్తే లక్షలమంది విన్నారట. ఆ పిల్లలే ఇప్పుడు ఆయన బ్యాండు.

“నేను వెళ్తాను,” అంది రామతులసి.

“సోమవారం ఫంక్షన్ పెట్టుకుని ఆదివారం రాజమండ్రి ఏంటమ్మా?” అన్నాడు భాస్కర్. “ఆ స్పీకర్లూ, ఆ తోపులాటా... కాలికేమన్నా అయితే?”

“కాలికి అవ్వాల్సింది ఎప్పుడో అయిపోయింది. ఇంకేమవుద్ది?”

చివరికి సత్యశ్రీ కారు నడిపేటట్టూ, అత్తగారి పక్కనే ఉండేటట్టూ రాజీ కుదిరింది. సత్యశ్రీ డిక్కీలో మడత కుర్చీ పెట్టింది, దాని మీదికి దిండు పెట్టింది, మోకాలికి కట్టుకునే పట్టీ, మాత్రలు, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పెట్టింది. రామతులసి అవన్నీ చూసి, “పెళ్ళికెళ్తూ పిల్లిని చంకనెట్టుకెళ్ళినట్టు, ఇవన్నీ ఎందుకే?” అని విసుక్కుంది.

“మరి మీ చేతిలో అదేంటి అత్తయ్యా?” అంది సత్యశ్రీ.

రామతులసి చేతిలో శాలువా ఉంది. కొత్తది, జరీ అంచుది, అట్టపెట్టెలోంచి ఇంకా తియ్యనిది. అది చాలదన్నట్టు దారిలో ఆత్రేయపురంలో కారు ఆపించి నేతి పూతరేకులు కూడా కట్టించింది. మనవాళ్ళ తీరే అంత. గొప్పవాడు ఎదురుపడితే మనకి రెండే తోస్తాయి, కడుపు పగిలేలా పెట్టడం, శాలువా కప్పడం. వచ్చినవాడు వేదాంతా, పహిల్వానా, రాక్ పాడేవాడా అని చూసే పనిలేదు.

రాజమండ్రిలో గోదావరి గట్టు పక్క మైదానంలో స్టేజీ కట్టారు. ముందు పెద్ద ఫ్లెక్సీ. దాని మీద నిండుగా నవ్వుతున్న మొహం విజయ్ పాల్‌ది కాదు, కార్యక్రమం జరిపిస్తున్న కళాసమితి అధ్యక్షుడు వీరవెంకటసత్యనారాయణది. విజయ్ పాల్ ఓ మూల పాస్‌పోర్టు ఫొటో అంత ఉన్నాడు. కచేరీ అయిదున్నరకని వేశారు. పరీక్షల రోజులు గనక మైకులు ఎనిమిదింటికల్లా కట్టెయ్యాలని పోలీసులు ముందే చెప్పారు. రెండున్నర గంటల పాట అని లెక్కేసుకుని రామతులసి మురిసిపోయింది.

అయిదున్నరకి విజయ్ పాల్ స్టేజీ మీదికి వచ్చాడు. నల్ల చొక్కా, జీన్సు, తెల్లటి జుట్టు వెనక్కి ముడి. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నలభై రెండేళ్ళ కిందట నాన్న గొళ్ళెం పెట్టిన తలుపు ఇప్పుడు తెరుచుకుందనిపించింది రామతులసికి. వెనకాల పిల్లల బ్యాండు సిద్ధంగా ఉంది. డ్రమ్ముల ముందు దుర్గాశ్రీ అనే అమ్మాయి రెండు కర్రలూ చేతిలో పట్టుకుని, ఎప్పుడెప్పుడా అన్నట్టు కూర్చుంది. గిటారు స్టాండులో ఉంది.

విజయ్ పాల్ గిటారు వైపు వెళ్ళబోయాడు. వీరవెంకటసత్యనారాయణ ఎదురొచ్చి, రెండు చేతులా పట్టుకుని, స్టేజీ మధ్యలో ఉన్న సింహాసనం దగ్గరికి తీసుకెళ్ళాడు. పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే సింహాసనం అది. ఎర్ర మఖ్‌మల్, చేతుల దగ్గర సింహం తలకాయలు, కూర్చుంటే నడుం దాకా దిగబడిపోయే మెత్త. అందులో ఆయన్ని కూర్చోబెట్టారు.

అక్కణ్ణించి మొదలైంది.

జ్యోతి వెలిగించారు. గణపతి ప్రార్థన అయింది. గజమాల తెచ్చారు, దాన్ని ఆయన మెడలో వేసి మొయ్యడానికి ఇద్దరు మనుషులు అటూ ఇటూ నిలబడ్డారు. ఆయనకి ‘రాక్ సార్వభౌమ’ అని బిరుదిచ్చారు. తరవాత ఉపన్యాసాలు. మాట్లాడిన ప్రతివాడూ విజయ్ పాల్‌ని లెజెండ్ అని, ఆయన ఎంత గొప్పగా పాడేవారో, ఆ రోజుల్లో జనం ఎలా ఊగిపోయేవారో చెప్పాడు. పాడేవారు, ఊగేవారు, ఉండేవారు. మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే పెద్దకర్మ నాడు మాట్లాడినట్టు మాట్లాడుతున్నారేంటి వీళ్ళు అని రామతులసికి చిరాకేసింది. మధ్యమధ్యలో శాలువాలు. మునిసిపాలిటీ వాళ్ళది ఒకటి, వ్యాపారుల సంఘానిది ఒకటి, ఏ సంఘమూ లేనివాడు సొంతంగా తెచ్చింది ఒకటి. మార్చి నెల ఉక్కలో ఒకదాని మీద ఒకటి కప్పుతుంటే విజయ్ పాల్ మొహం, దాని చుట్టూ ఉన్న కొంచెం జుట్టు తప్ప ఇంకేమీ కనపడకుండా పోయింది.

ఆరున్నర దాటింది. ఏడూ అయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని, పాడేవాడు తయారు, వినేవాళ్ళు తయారు, మధ్యలో ఈ వీరవెంకటసత్యనారాయణ మైకు వదలడు. వెనక వరసల్లో కుర్రాళ్ళు “పాట! పాట!” అని అరుస్తున్నారు.

“ఇంకేం పాటండీ,” అన్నాడు రామతులసి వెనక కూర్చున్న ఒక పెద్దమనిషి, పక్కవాడితో. “కూర్చుంటే లేవలేడు గానీ ఎగిరెగిరి తంతాడంట! ఆ వయసులో మర్యాదగా శాలువా కప్పించుకుని ఇంటికెళ్ళడం మంచిది.”

చుట్టూ నలుగురు నవ్వారు. ఆ మాట స్టేజీ మీది మనిషికి వినపడలేదు గానీ రామతులసికి నేరుగా మోకాట్లో గుచ్చుకుంది. వెనక్కి తిరిగి ఏదో అనబోయింది. ఇంతలో మైకులో ఆవిడ పేరే వినిపించింది. మంచినీళ్ళ సీసాలకి ఐసు పంపించినందుకు ఆవిడ కూడా దాతల లెక్కలో ఉంది. దాతలంటే శాలువా కప్పేవాళ్ళు.

“నేనూ రానా అత్తయ్యా? మెట్లున్నాయి,” అంది సత్యశ్రీ.

“నువ్వు కూచో.”

రామతులసి రెయిలింగు పట్టుకుని మెట్లెక్కింది. చేతిలో జరీ శాలువా ఉంది. కప్పి, దణ్ణం పెట్టి, ఫొటో దిగి వచ్చేద్దామనే వెళ్ళింది పాపం, అంతకుమించి ఆవిడకీ ఏమీ తెలియదు. సింహాసనం దగ్గరికి వెళ్ళి చూసేసరికి ఆవిడ చేతులు ఆగిపోయాయి. శాలువాల గుట్టలోంచి ఆయన మొహం చెమటతో తడిసిపోయి ఉంది. కళ్ళు మాత్రం గిటారు మీదే ఉన్నాయి.

“మీదీ శాలువాయేనాండీ?” అన్నాడు విజయ్ పాల్, నెమ్మదిగా.

“ఆయ్,” అంది రామతులసి, సిగ్గుపడుతూ.

“నాకు చలేం వెయ్యట్లేదండి.”

“పాట ఎప్పుడండీ మరి?”

“నన్నడుగుతారేంటండీ! నేను మధ్యాహ్నం నుంచీ తయారు. భోజనమంటూ కూర్చోబెట్టి కదలనివ్వలేదు, గొంతులో ఇంకా పూతరేకుల పొడి అలాగే ఉంది. ఇక్కడికొస్తే ఇందులో కూర్చోబెట్టారు. లెగుద్దామంటే ఇది దిగబడిపోతోంది, నా మోకాళ్ళు సాయం రావట్లేదు. ఇందాకట్నించీ కాళ్ళకి దణ్ణం పెట్టినోళ్ళే గానీ, చెయ్యిచ్చినోడు ఒక్కడు లేడండి.”

రామతులసికి కళ్ళముందు సోమవారం కనిపించింది. ఇదే షామియానా, ఇదే సింహాసనం, ఇవే దండలు. అందులో దిగబడిపోయి, లేవడానికి చెయ్యిచ్చేవాడు లేక, నవ్వుతూ దణ్ణాలు పుచ్చుకుంటున్న తను. వాళ్ళందరూ ప్రేమగా చేసేదే. ప్రేమగా చేస్తారు గనకే నోరెత్తడానికి ఉండదు. ఆవిడకి భయమేసింది, ఆ వెంటనే ఎక్కడలేని కోపం వచ్చింది.

చేతిలో శాలువాని తన భుజం మీదే వేసుకుంది. వంగి, ఆయన మీదున్న శాలువాల్లో పై దాన్ని లాగేసింది. తరవాత రెండోదాన్ని. తరవాత మూడోదాన్ని.

కప్పిన శాలువాని స్టేజీ మీద ఇంకొకళ్ళు తీసెయ్యడం మన దేశంలో ఎవరూ చూసి ఉండరు. ఫొటోగ్రాఫరు కెమెరా దించేశాడు.

“అమ్మగారూ! అమ్మగారూ! ఏంటండీ ఇది? అపచారం అండీ!” వీరవెంకటసత్యనారాయణ మైకు పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. ఆ కేక స్పీకర్లన్నిట్లోంచీ ఊరంతా వినపడింది.

“ఉక్కబోస్తుంటే మనిషికి దుప్పట్లు కప్పడం అపచారం కాదాండీ?” అంది రామతులసి. చేతులు మాత్రం పని ఆపలేదు. “ఆయన్ని పాడించడానికి పిలిచారా, పార్సిలు కట్టడానికి పిలిచారా?”

“ఇంకా సన్మాన పత్రం చదవాలండీ... ఎమ్మెల్యేగారు దారిలో ఉన్నారండీ...”

“చదూకోండి, మేం వద్దన్నామా? ఆయన పాడుతుంటారు, మీరు చదువుతూ ఉండండి.”

వెనక వరసల్లోంచి ఈలలు లేచాయి. గజమాల మోస్తున్న ఇద్దరూ ఏం చెయ్యాలో తోచక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. రామతులసి వాళ్ళకి కళ్ళతోనే చెప్పింది. వాళ్ళు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళలా ఒక్క మాట అడక్కుండా గజమాల ఎత్తి పక్కన పెట్టేశారు. అప్పుడు ఆవిడ రెండు చేతులూ ముందుకు చాపింది.

“లెగండి,” అంది.

“మీ కాలికేదో పట్టీ ఉన్నట్టుందండీ,” అన్నాడాయన.

“ఉందండీ. మీరు మీ పని చూసుకోండి.”

లేవలేని అత్తకి వంగలేని కోడలని సామెత. అక్కడ జరిగింది అచ్చంగా అదే. ఆయన ఒకసారి లేచి మళ్ళీ కూలబడ్డాడు. రెండోసారి ఆవిడ కాలు జారినంత పనైంది. కింద సత్యశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడోసారి ఇద్దరూ పళ్ళు బిగించి, ఒకళ్ళ చేతులు ఒకళ్ళు గట్టిగా పట్టుకుని లాక్కున్నారు. విజయ్ పాల్ లేచి నిలబడ్డాడు. అదే అదను అన్నట్టు దుర్గాశ్రీ కర్రలు రెండూ నాలుగుసార్లు టకటకలాడించి డ్రమ్ము మీద వేసింది. స్టేజీ చెక్కలు అదిరాయి. వీరవెంకటసత్యనారాయణ ఇంకేదో అంటున్నాడు గానీ అది ఆయనకే వినపడలేదు.

విజయ్ పాల్ గిటారు మెడలో వేసుకున్నాడు. కర్రని పక్కన పడేశాడు. రామతులసి కిందికి దిగలేదు, మెట్ల పక్కన రెయిలింగు పట్టుకుని అక్కడే నిలబడింది.

మొదటిపాటే ‘దిగను పో’. మొదటి చరణం గొంతులోంచి తుప్పుపట్టిన గేటు లాగినట్టు వచ్చింది. రామతులసి మనసులో ఉన్న గొంతు ఇది కాదు. క్యాసెట్టులో ఉన్నది నున్నగా, కొత్త కత్తిలా ఉండేది. ఆవిడ పెదవి కొరుక్కుంది. పల్లవికి వచ్చాడు. ‘దిగను పో’ అని పైకి ఎక్కాడు. ఆ ‘పో’ దగ్గర గొంతు చీలిపోయి, గాలి తప్ప ఏమీ రాలేదు.

కింద ఇందాకటి పెద్దమనిషి తల అడ్డంగా ఊపుతూ నవ్వడం రామతులసికి కనపడింది. పక్కన గిటారు వాయిస్తున్న కుర్రాడు విజయ్ పాల్ దగ్గరికి వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. శ్రుతి తగ్గిద్దామని కాబోలు.

“వద్దు బాబూ,” అన్నాడు విజయ్ పాల్. మైకులోనే అన్నాడు, అందరికీ వినపడేలా. “ఆ పాట ఉండేది అక్కడే. ఎక్కాల్సింది నేను.”

మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ విరిగింది. ఆయన మొహం కందగడ్డలా అయింది, మెడ నరాలు తాళ్ళలా తేలాయి. ఆగి, మంచినీళ్ళు తాగి, నోరు తుడుచుకుని, కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడ్డాడు. కాళ్ళు వణుకుతున్నాయి. వణుకుతున్నాయని దాచుకోవాలన్న ధ్యాస కూడా ఆయనకి ఉన్నట్టు లేదు. మూడోసారి ‘దిగను పో’ అన్నాడు. అది పాటలా రాలేదు, కేకలా వచ్చింది. గరగరలాడుతూ, చిరుగులు పడి, అయినా సరిగ్గా ఆ శ్రుతికే వెళ్ళి అక్కడ నిలబడింది. ఊపిరి అయిపోయేదాకా నిలబడింది.

మైదానం మొత్తం లేచింది. ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్ళు ఫోన్లు జేబుల్లో పెట్టేసుకుని మరీ అరిచారు. క్యాసెట్ల కాలం వాళ్ళు, బట్టతలలవాళ్ళు, పంచెలవాళ్ళు, వాళ్ళలో వాళ్ళు భుజాలు పట్టుకుని ఊగిపోయారు. “దిగను పో!” అని రామతులసి కూడా అరిచింది. ఆపరేషన్ అయిన కాలితోనే స్టేజీ చెక్కల మీద దరువేసింది. ఎందుకొచ్చాయో కళ్ళంట నీళ్ళు ధారగా వచ్చాయి, తుడుచుకోలేదు. ఆ పాత గొంతు కన్నా ఈ గొంతే ఎక్కువని ఆవిడకి ఖాయంగా అనిపించింది. ఆ రోజుల్లో ఆయన దగ్గర పోగొట్టుకోవడానికి ఏముంది గనక? కుర్రతనంలో దిగనని ఎవడైనా పాడతాడు.

“నన్ను లెజెండ్ అన్నారండీ ఇందాక,” అన్నాడు విజయ్ పాల్, రొప్పుతూ. “మా కాకినాడలో ఆ మాట పోయినోళ్ళకి వాడతారు. నేనింకా పోలేదు. పాటలున్నాయి, పాడేసి పోతాను.”

పాడాడు. కొన్ని చరణాలు మరిచిపోతే జనం అందించారు. ఒకచోట దగ్గు వచ్చి ఆగిపోతే దుర్గాశ్రీ దగ్గు తగ్గేదాకా డ్రమ్ములతో లాక్కొచ్చింది. ఎనిమిదింటికి పోలీసులు చెప్పినట్టే మైకులు కట్టేశారు. మైకు పోయినా డ్రమ్ములు పోవుగా. స్టేజీ అంచుకి వచ్చి, ఒట్టి గొంతుతో, మళ్ళీ ఆ సరంగు పాటే ఎత్తుకున్నాడు. రామతులసి పక్కకి తిరిగి చూస్తే వీరవెంకటసత్యనారాయణ చదవని సన్మాన పత్రం చంకలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క అక్షరం తప్పు పోకుండా పాడుతున్నాడు. పాపం, ఆయనకీ ఆ పాటంటే ప్రాణమే. ప్రాణమని చెప్పడానికి శాలువా తప్ప ఇంకో దారి తెలియదు. రామతులసికి ఆయన మీద కోపం సగం పోయింది. మిగతా సగం అలాగే ఉంచుకుంది.

కారెక్కేసరికి అరిచి అరిచి సత్యశ్రీ గొంతు పోయింది. బ్రిడ్జి దాటుతుండగా కారు స్పీకర్లో భాస్కర్ ఫోను మోగింది.

“అమ్మా, ఎలా జరిగింది? కాలెలా ఉంది? ఇదిగో, షామియానా సప్లై కంపెనీవాళ్ళు వచ్చారు. రేపు నీకు సింహాసనం ఎర్రది వెయ్యమంటావా, బంగారు రంగుదా అని అడుగుతున్నారు.”

సత్యశ్రీ అత్తగారి వైపు చూడకుండా రోడ్డు వైపే చూసింది.

“రెండూ వద్దు. వెనక్కి పంపించెయ్,” అంది రామతులసి.

“మామూలు కుర్చీ వేయించనా?”

“కుర్చీయే వద్దంటున్నాను భాస్కరూ. నేను రేపు సీటు ఇవ్వట్లేదు.”

అవతల షామియానా గుంజలు పాతుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“కార్డులు పంచేశామమ్మా,” అన్నాడు భాస్కర్.

“వస్తే రానీ. పూజ చేయించు, టిఫిన్లు పెట్టు. ఫ్యాక్టరీకి పూజ చేస్తే ఎవరు వద్దంటారు?”

“అందరూ ఏమనుకుంటారు? కొడుకు మీద నమ్మకం లేదనుకోరా?”

“అనుకుంటారు. నువ్వూ అనుకుంటావు. అది నిజం కాదు. నువ్వు బాగా నడిపావు, నాకు తెలుసు. మంచంలో పడుకుని తలూపడం నా తప్పు.”

“మరి నా సంగతేంటమ్మా?” ఈసారి భాస్కర్ గొంతు మారింది. “నాకు నలభై వస్తున్నాయి. ఎప్పుడు చూసినా నీ కుర్చీ వెనకాల నిలబడే ఉన్నాను. నేనెప్పుడు?”

ఇన్నాళ్ళూ తన గొడవే తప్ప ఆ పిల్లాడు ఎంతసేపట్నించి నిలబడి ఉన్నాడో ఆవిడ చూసుకోలేదు. వాణ్ణి దగ్గరికి తీసుకోవాలనిపించింది. అయినా సీటు మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు. రెండూ నిజమే అయినప్పుడు రెండూ చెప్పడమే మంచిదనుకుంది.

“వెనకాల ఎందుకురా నిలబడటం? పక్కకి రా. నేను చేసేది నచ్చకపోతే నోరు పెట్టుకుని అడుగు. నాతో దెబ్బలాడు. దెబ్బలాడి గెలిచి తీసుకో సీటు, కాదనను. అంతేగానీ దండేసి తీసుకోకు నాన్నా. నేను బతికే ఉన్నాను.”

మళ్ళీ గుంజల చప్పుడు. ఆ తరవాత ఎవరితోనో “ఆపండి, ఆపండి, సింహాసనం వద్దంట” అని భాస్కర్ అనడం వినపడింది. వాడు ఫోను దగ్గరికి మళ్ళీ వచ్చాడు.

“అయితే రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే దెబ్బలాడతాను,” అన్నాడు. “ఐసు గడ్డకట్టించే ఆ పాత కంప్రెసరు తీసేసి కొత్తది పెట్టాల్సిందే.”

“పెట్టేది లేదు.”

“కరెంటు తినేస్తోందమ్మా అది!”

“తిననీ. పట్టుబడి రోజుల్లో ఒక్కసారన్నా ఆగిందేమో చెప్పు చూద్దాం.”

“ఆగింది. నువ్వు ఆసుపత్రిలో ఉండగా రెండుసార్లు ఆగింది. బాధపడతావని చెప్పలేదు.”

రామతులసి సీట్లో చటుక్కున ముందుకు జరిగింది. ఇవ్వకుండానే వెనక్కి తెచ్చిన పూతరేకుల పెట్టె ఒళ్ళోంచి కింద పడింది.

“ఆగిందా? నాకు చెప్పకుండానా? ఉండరా, అక్కడే ఉండు, వస్తున్నాను,” అంది.

సత్యశ్రీ యాక్సిలరేటర్ తొక్కింది.